విశాఖ రేవుకు ముప్పు కొండల్లో ఉంది

విశాఖ ఓడరేవు అనగానే బెర్తుల లోతు, క్రేన్ల సామర్థ్యం, కొత్త టెర్మినళ్ల లెక్కలు చెప్పుకుంటాం. సరుకు రేవుకు చేరే దారి సంగతి మాత్రం అది తెగిపోయిన రోజునే గుర్తొస్తుంది. దారి సంగతి ముందే చూసుకోవాలన్న వివేకం వెనకటి వాళ్లకు ఉండేది. 1931లో రాయపూర్–విజయనగరం రైలు మార్గం పూర్తయింది. రేవు తెరిచింది ఆ తర్వాతే, 1933లో.

ఇప్పుడు నా ఆందోళన కేకే లైను గురించి. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన ఈ కొత్తవలస–కిరండూల్ మార్గం పొడవు సుమారు 445 కిలోమీటర్లు. సొరంగాల మీద సొరంగాలు దాటుతూ శిమిలిగుడ దగ్గర 996 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. సొంత ఇనుప గనులు లేని విశాఖ ఉక్కు కర్మాగారానికీ బైలదిల్లా ఖనిజమే ఆధారం.

2023 సెప్టెంబరు 24న ఈ మార్గంలో మనబార్–జరతి స్టేషన్ల మధ్య కొండచరియ విరిగి పట్టాల మీద పడింది. వారాల తరబడి రాకపోకలు ఆగిపోయాయి. ఇదే మార్గంలోని కొరాపుట్ నుంచి రాయగడ మీదుగా విశాఖకు మరో లైను ఉన్నా అక్కరకు రాలేదు. చరియ పడింది కొరాపుట్‌కు ఎగువన, గనుల వైపున. అక్కడ దారి మూసుకుంటే దిగువన ఎన్ని దార్లున్నా ఒకటే. ఒక్క రేకులో, అంటే ఒక్క గూడ్సు రైలులో, మూడున్నర వేల టన్నులకు పైగా ఖనిజం వస్తుంది. లారీకి పాతిక టన్నులు వేసుకున్నా 140 లారీలు కావాలి. రోజూ వచ్చే రేకులన్నిటి బరువును ఘాట్ రోడ్డు మీద లాగడం అయ్యే పని కాదు.

తూర్పు కనుమల్లో ఎక్కువగా కనిపించే ఖోండలైటు రాయి వాతావరణానికి త్వరగా మెత్తబడి ఎర్రమట్టిగా మారుతుంది. వాన నీరు ఆ మట్టిలోకి ఇంకి, కింది రాతి దగ్గర ఆగి, పై పొరను జారుస్తుంది. కొండను కోసిన చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ. జారబోయే వాలు ముందే సంకేతాలిస్తుంది. పైఅంచున సన్నటి బీటలు కనిపిస్తాయి, చెట్లు పట్టాల వైపు ఒరుగుతాయి, రిటైనింగ్ గోడ రంధ్రాల నుంచి తేట నీటికి బదులు బురద కారుతుంది. వాలు పైన తవ్విన కాలువ ఆకులతో, మట్టితో పూడిపోతే ఆ నీరంతా కొండలోకే దిగుతుంది.

ఇప్పుడు కేకే మార్గంలో రెండో లైను పనులు సాగుతున్నాయి. రద్దీకి అది అవసరమే. కానీ రెండో లైనూ అదే కొండవాలును ఆనుకుని పోతే, ఒక్క చరియ రెండింటినీ కప్పేయగలదు. కొత్త కోతల వల్ల పాత వాలు ఇంకా బలహీనపడవచ్చు కూడా.

అందుకే పట్టాల కంటే ముందు వాలు సంగతి చూడాలి. ప్రతి కోతకూ ప్రమాద స్థాయి నిర్ణయించి ఆ వివరాలు బయటపెట్టాలి. జూన్ రాకముందే కాలువల పూడిక తీయాలి. బలహీనమైన చోట్ల వర్షమాపకాలు, కదలికను పసిగట్టే పరికరాలు పెట్టి, వాన హద్దు దాటగానే రైళ్లు ఆపే అధికారం స్థానిక ఇంజనీరుకు ఇవ్వాలి. రేవు విస్తరణకు కేటాయించే ప్రతి బడ్జెట్‌లోనూ ఈ కొండవాలుకు వాటా ఉండాలి. పాలకులు ఈ పని వచ్చే వానాకాలానికి ముందే మొదలుపెట్టాలి.