చంద్రమతి ఎవరికి బాకీ?

శ్రీరామనవమి పందిట్లో సత్యహరిశ్చంద్ర నాటకం వేస్తే మా ఊళ్లో తెల్లారేదాకా ఎవరూ చాప మీంచి లేచేవాళ్లు కాదు. కాశీ వీధిలో భార్యని అమ్మే ఘట్టం రాగానే మా నాయనమ్మ కొంగు నోట్లో కుక్కుకునేది. రాజు పద్యం అందుకునేవాడు, జనం ‘వన్స్ మోర్’ అనేవాళ్లు. హార్మోనియం మళ్లీ మొదలు. చంద్రమతి వేషం కట్టినాయన తలొంచుకుని, ఆ పద్యం రెండోసారి అయ్యేదాకా అమ్మకానికి నిలబడే ఉండేవాడు. ఆ నిలబడటం నాకింకా కళ్లకి కట్టినట్టుంది.

ఇప్పుడీ కథని వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో పిల్లలకి చెబుతున్నారు. ఎన్ని కష్టాలొచ్చినా మాట తప్పకూడదట. విశ్వామిత్రుడికి మాటిచ్చింది రాజు, బాకీ పడింది రాజు. ముందు అమ్ముడుపోయింది మాత్రం ఆలుబిడ్డలు. ‘తనని అమ్మమని ఆవిడే అందిగా’ అంటారు. నిజమే, మార్కండేయ పురాణం ఆ మాట భార్య నోటే పలికించింది. ఆలిని మగడి సొత్తుగా చూసిన కాలం అల్లిన కథలో ఆమె ఇంకేం అనగలదు? ఆ పసివాణ్ణి ఎవరడిగారు?

ఇంకా వెనక్కి వెళ్దాం. ఐతరేయ బ్రాహ్మణంలోనూ హరిశ్చంద్రుడున్నాడు. కొడుకు పుడితే వాణ్ణే బలిస్తానని వరుణుడికి మాటిచ్చాడు. పుట్టాక పళ్లు రానీ అన్నాడు, అవి ఊడనీ అన్నాడు, మళ్లీ రానీ అన్నాడు, ఆయుధం పట్టనీ అన్నాడు. అలా వాయిదాలు వేసిన తండ్రి నాకు సత్యసంధుడి కంటే దగ్గరివాడిలా తోస్తాడు. కానీ కొడుకు రోహితుడు అడవికి పారిపోయి, తన బదులు బలివ్వడానికి ఓ పేదవాడి కొడుకు శునశ్శేపుణ్ణి నూరావులిచ్చి కొనుక్కొస్తాడు. పిల్లాణ్ణి యూపానికి కట్టడానికి మరో నూరు, నరకడానికి ఇంకో నూరు పుచ్చుకోవడానికి ఆ కన్నతండ్రి సిద్ధపడతాడు.

ఇందులో ఏ హరిశ్చంద్రుడి దగ్గర మనం నీతి నేర్చుకోవాలి? శునశ్శేపుడి కథ చెబుతూ ‘పరాయి బిడ్డని బలివ్వబోవడం ఘోరం’ అని మనమే అంటాం. తూకపు రాయి ముందే మన చేతిలో ఉంది, కథని దాంతోనే తూస్తున్నాం. అలాంటప్పుడు ఆ రాయిని కథే ఇచ్చిందని పిల్లలకి చెప్పడం అబద్ధం. సత్యం పేరుతో ఆ అబద్ధం చెప్పడం నాకు మరీ బాధ.

తాతల అప్పుకి మనవలు పాలేర్లుగా బతికిన నేల ఇది. మనుషుల్ని కొనడం, అమ్మడం, వెట్టి చేయించడం కుదరదని రాజ్యాంగం 23వ అధికరణంలో రాసుకున్నాం. అప్పు కింద మనిషిని కట్టుబానిసగా ఉంచుకోవడం నేరమని 1976లో చట్టం తెచ్చుకున్నాం. హరిశ్చంద్రుడి కథ చెప్పిన పూట పిల్లలకి ఇది కూడా చెప్పాలి. చంద్రమతిని కొన్నవాడు ఈనాడైతే ముద్దాయి అని చెప్పాలి.

నేనిప్పటికీ కాటిసీను వినడానికి వెళ్తాను. శ్మశానంలో అంటరానితనానికి చోటు లేదనే ఆ పద్యం దగ్గర ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. బలిజేపల్లి వారి నాటకంలో నటులు కలుపుకుని పాడుతూ వచ్చిన ఆ పద్యాలు ఏ పురాణంలోవీ కావు. అంటరానితనాన్ని ఒంటి మీద మోసిన గుర్రం జాషువా రాసుకున్నవి.