చెరసాలలో చదువు ఎవరి హక్కు?

2024 అక్టోబర్ 3న సుకన్యా శాంత కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడినప్పుడు మనలో చాలామందిమి సంతోషించాం, సిగ్గుపడ్డాం కూడా. వంట ‘తగిన కులం’ ఖైదీ చేతనే చేయించాలని పశ్చిమ బెంగాల్ నియమావళి చెబుతూ వచ్చింది. పాకీపనికి ఏయే కులాలవారిని ఎంచుకోవాలో పేర్లతో సహా రాసిపెట్టింది. సాధారణ శిక్ష పడిన ఖైదీకి నీచమైన పని అప్పగించరాదనీ, అలాంటి పనికి అలవాటుపడిన వర్గం వాడైతే మాత్రం అప్పగించవచ్చుననీ ఉత్తరప్రదేశ్ నియమావళి అన్నది. స్వాతంత్ర్యం వచ్చిన 77 ఏళ్ల తర్వాత ఈ వాక్యాలు రాజ్యాంగ విరుద్ధమని న్యాయస్థానం తేల్చవలసి వచ్చింది. 17వ అధికరణం జైలు గేటు దగ్గర ఆగిపోదని చెప్పింది. ఖైదీల రిజిస్టర్లలో కులం గడిని తీసివేయమన్నది. మూడు నెలల్లో నియమావళులు సవరించుకోవాలని రాష్ట్రాలను ఆదేశించింది.

ఆ తీర్పు చీపురు గురించీ వంటగది గురించీ మాట్లాడింది. పుస్తకం గురించి మాట్లాడే సందర్భం అందులో రాలేదు. ఖైదీ ఏం చదవాలి, ఏం రాయాలి, రాసినది ఎక్కడిదాకా పోవాలి అన్న విషయం ఈనాటికీ జైలు సూపరింటెండెంట్ విచక్షణ మీదనే నడుస్తున్నది. దీనిని పౌరహక్కుల సమస్యగా మాత్రమే చూడటం మనకు అలవాటు. పేరున్న రచయితనో ఆచార్యుడినో నిర్బంధించినప్పుడు గుర్తుకు వచ్చి, వారు బయటకు రాగానే మరచిపోయే సమస్య అది. ఇది కుల సమస్య కూడానని నా వాదన.

జైళ్లలో ఎవరున్నారో ముందు చూద్దాం. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల ప్రకారం 2022 చివరి నాటికి దేశంలోని ఖైదీలు 5,73,220 మంది. వారిలో 4,34,302 మంది విచారణ ఖైదీలు, అంటే ఏ న్యాయస్థానమూ ఇంకా దోషులని తేల్చనివారు. మొత్తం ఖైదీలలో దాదాపు మూడింట రెండు వంతులు దళితులు, ఆదివాసులు, వెనుకబడిన కులాలవారు. సుమారు నాలుగో వంతు మందికి చదువు రాదు. ప్రతి ఐదుగురిలో ఇద్దరు పదో తరగతి దాకా రానివారు. బడి ఎవరిని మధ్యలో వదిలేసిందో వారినే జైలు చేరదీసింది. అలాంటి చోట పుస్తకాన్ని ఆపడమంటే ఎవరి పుస్తకాన్ని ఆపడమో వేరే చెప్పనక్కరలేదు.

జైలులో చదువు మన దేశంలో మొదటి నుంచీ హోదాకు దక్కిన వెసులుబాటుగానే వచ్చింది. 1929లో లాహోర్ జైలులో భగత్ సింగ్, జతీంద్రనాథ్ దాస్, వారి సహచరులు నిరాహార దీక్షకు దిగినప్పుడు అడిగిన వాటిలో మంచి తిండితో పాటు పుస్తకాలూ పత్రికలూ ఉన్నాయి. 63 రోజుల దీక్ష తర్వాత సెప్టెంబర్ 13న జతిన్ దాస్ మరణించాడు. వలస ప్రభుత్వం దిగివచ్చింది గానీ, అది దిగివచ్చిన తీరును గమనించాలి. 1930లో ఖైదీలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీసింది. సామాజిక హోదా, విద్య, జీవన అలవాట్లను బట్టి మెరుగైన బతుకుకు అలవాటుపడినవారికి పై తరగతులు ఇచ్చింది. పుస్తకాలు, పత్రికలు, ఉత్తరాల విషయంలో వెసులుబాట్లు ఆ తరగతులతోనే వచ్చాయి. తక్కినవారంతా సీ తరగతి. దీక్ష చేసినవారు రాజకీయ ఖైదీలందరికీ కలిపి అడిగిన దానిని ప్రభుత్వం ఇంటి గడపను చూసి పంచిపెట్టింది. 1930ల భారతంలో సామాజిక హోదా, విద్య అన్న మాటలకు కులం అని అర్థం చెప్పుకోవడానికి నిఘంటువు అవసరం లేదు. ప్రత్యేక తరగతి కోసం పలుకుబడి ఉన్న నిందితులు కోర్టుల్లో పిటిషన్లు వేయడం మనకు ఇప్పటికీ కొత్త కాదు.

జైలు రచనలని మనం గర్వంగా చెప్పుకునే వాటిలో ఎక్కువ భాగం ఈ ఏర్పాటు నీడన పుట్టినవే. నెహ్రూ అహ్మద్‌నగర్ కోటలో రాసిన ‘డిస్కవరీ ఆఫ్ ఇండియా’ గొప్పదనాన్ని ఈ మాట తగ్గించదు. అదే కాలంలో సీ తరగతి బారకాసులో ఉన్న కూలీ సత్యాగ్రహికి కాగితం దొరికిందా అన్న ప్రశ్న మన సాహిత్య చరిత్రల్లో కనిపించదు, అంతే.

తెలుగులో మనకు మరింత దగ్గరి ఉదాహరణ ‘మాలపల్లి’. ఉన్నవ లక్ష్మీనారాయణ దానిని 1920ల తొలినాళ్లలో వేలూరు జైలులో రాశారు. ఒక మాల కుటుంబాన్ని కథకు నడుమ నిలిపిన నవల అది. జైలు, నేరస్థుల సెటిల్మెంటు కూడా అందులో కథాస్థలాలే. జైలు గోడ దాటి బయటకు రాగలిగిన ఆ పుస్తకాన్ని మద్రాసు ప్రభుత్వం బయట నిషేధించింది. 1937లో కాంగ్రెస్ మంత్రివర్గం వచ్చాక గానీ ఆ బెడద తీరలేదు. మాలపల్లి గురించి జైలులో కూర్చుని రాయగలిగినవాడు మాలపల్లివాడు కాడన్నది కూడా మనం చెప్పుకోవాలి. ఇందులో ఉన్నవ తప్పేమీ లేదు. కలం ఎవరి చేతికి అందిందో చెప్పడమే నా ఉద్దేశం.

ఈ ‘వెసులుబాటు’ వాదాన్ని న్యాయస్థానంలో కూల్చినది ఒక తెలుగు న్యాయమూర్తి కావడం మన విద్యార్థులకు తెలియవలసిన విషయం. ప్రభాకర్ పాండురంగ సంజ్గిరి భారత రక్షణ నిబంధనల కింద మహారాష్ట్ర జైలులో నిర్బంధితుడు. లోపల కూర్చుని మరాఠీలో ఒక పుస్తకం రాశాడు. పేరు ‘అణూచ్యా అంతరంగాత్’, అంటే అణువు అంతరంగంలో అని. అచ్చమైన భౌతికశాస్త్ర గ్రంథం. ప్రచురణకు బయటకు పంపుతానంటే ప్రభుత్వం కాదన్నది. అణువు గురించి పుస్తకం బయటకు వస్తే దేశ రక్షణకు ఏం ముప్పో ఎవరూ చెప్పలేదు. ప్రభుత్వం వాదన వేరు. నిర్బంధితుడికి ఏయే వెసులుబాట్లు ఉన్నాయో నిబంధనల్లో రాసి ఉన్నది, పుస్తకం రాసి పంపుకొనే వెసులుబాటు అందులో లేదు, కనుక కుదరదు. బొంబాయి హైకోర్టు ఒప్పుకోలేదు. ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1965లో తీర్పు రాసిన న్యాయమూర్తి రాజమండ్రికి చెందిన కోకా సుబ్బారావు. ఆ నిబంధనలు హక్కులను ప్రసాదించేవి కావనీ, ఉన్న స్వేచ్ఛ మీద పరిమితులు మాత్రమేననీ ఆయన అన్నారు. పరిమితిగా రాసి లేనిదంతా ఖైదీ దగ్గర మిగిలే ఉంటుంది.

తర్కాన్ని తలకిందులు చేసిన ఈ ఒక్క మాట విలువ దళిత విద్యార్థికి వెంటనే అర్థమవుతుంది. ‘నీకు ఏది అనుమతించామో అదే నీది’ అన్నది ఊరు వాడతో మాట్లాడిన భాష. చెరువు, గుడి, బడి, చెప్పులు, గొడుగు అన్నీ అనుమతి లెక్కలోనివే. సుబ్బారావు తీర్పు కుల ప్రస్తావన లేకుండానే ఆ వ్యాకరణాన్ని కాదన్నది. దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, 1994లో, మరణశిక్ష పడిన ఆటో శంకర్ ఆత్మకథను ‘నక్కీరన్’ పత్రిక ప్రచురించకుండా తమిళనాడు జైలు అధికారులు అడ్డుపడబోయారు. ప్రచురణకు ముందే ఆపే అధికారం ప్రభుత్వానికి లేదని ఆ కేసులో తీర్పు రాసినది మరో తెలుగు న్యాయమూర్తి, బి.పి. జీవన్ రెడ్డి.

చట్టం ఇంత స్పష్టంగా ఉన్నా జైలు గేటు దగ్గర పాత వ్యాకరణమే నడుస్తున్నది. తలోజా జైలులో ఉన్న గౌతమ్ నవ్‌లఖాకు పంపిన పి.జి. వోడ్‌హౌస్ హాస్య పుస్తకాన్ని భద్రతా కారణాలు చెప్పి అధికారులు తిప్పి పంపారు. 2022 ఏప్రిల్‌లో బొంబాయి హైకోర్టు ఆ మాట విని ఇది హాస్యాస్పదమన్నది. పత్రికలు రాశాయి, మనమూ నవ్వుకున్నాం. ఆ నవ్వు దగ్గర కాస్త ఆగాలి. నవ్‌లఖాకు న్యాయవాదులున్నారు, రాసేవారున్నారు, కనుక ఆ నిరాకరణ ఒక న్యాయస్థానం రికార్డుకు ఎక్కింది. అదే జైలులో సెల్‌ఫోను దొంగతనం కేసులో ఉన్న కుర్రవాడికి ఏ పుస్తకం తిరిగి పోయిందో ఏ రికార్డులో ఉంటుంది?

నాకు తెలిసిన ఒక సంగతి చెబుతాను. నా దగ్గర డిగ్రీ చదివిన ఒక మాల కుర్రవాడు కొన్నేళ్ల కిందట విచారణ ఖైదీగా పదకొండు నెలలు ఉన్నాడు. ములాఖత్‌కు వెళ్తూ మూడు పుస్తకాలు తీసుకెళ్లాను: పోటీ పరీక్షల గైడు, భారత రాజ్యాంగం తెలుగు ప్రతి, అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’. గైడు లోపలికి పోయింది. రాజ్యాంగాన్ని చూసి చెబుతామని పక్కన పెట్టారు. ‘కుల నిర్మూలన’ను నా చేతికే తిరిగి ఇచ్చారు. కారణం రాసివ్వమన్నాను. “రాసిచ్చేదేం ఉండదు మాస్టారూ, లోపల గొడవలవుతాయి, మీరే అర్థం చేసుకోవాలి” అన్నాడు ఆ ఉద్యోగి. దురుసుగా కాదు, మర్యాదగానే అన్నాడు. బహుశా అతడూ మా వంటి ఇళ్లనుంచి వచ్చినవాడే. కులం గురించి చదివితే గొడవ అవుతుందని అతడికి అనిపించడంలో, కులాన్ని బట్టి పని పంచడం గొడవగా కనిపించకపోవడంలో మొత్తం వ్యవస్థ ఉన్నది. రాతపూర్వకమైన నిరాకరణ లేదు కనుక సవాలు చేయడానికి కాగితం లేదు. కాగితం లేదు కనుక అలాంటిది జరగనే లేదు.

భద్రత గురించి అధికారులు చెప్పేదంతా కొట్టివేయదగినదని నేను అనను. అట్టల మధ్య మత్తుమందు దాచవచ్చు, పేజీల మధ్య చీటీలు పంపవచ్చు. అందుకు అట్ట విప్పి చూడండి, పేజీలు దులపండి. ఆ పని చేయడానికి పుస్తకంలో ఏం రాసి ఉందో చదవనక్కరలేదు. చదివి ఆపే సందర్భాలు ఉంటే అవి ఏవో చట్టంలో ఉండాలి, ఏ పేజీ వల్ల ఏ ప్రమాదమో కాగితం మీద పెట్టాలి. రచయిత పేరో, అట్ట రంగో, శీర్షికలో ఒక మాటో కారణం కారాదు.

ఉత్తరాల సంగతి ఇంకా లోతైనది. లోపలికి వచ్చేదీ బయటకు పోయేదీ ఎవరో చదవాలి. చదివేవాడికి రాని భాషలో ఉన్న ఉత్తరం అక్కడే నిలిచిపోతుంది. తెలుగు ఖైదీ మరాఠీ జైలులో ఉండవచ్చు. ఇటుక బట్టీకి వచ్చిన ఒడియా కూలీ మన జైలులో ఉండవచ్చు. కోయ, గోండి, లంబాడీ మాట్లాడే ఇంటివారు తెలుగు లిపిలో నాలుగు ముక్కలు ఎవరిచేతనో రాయించి పంపవచ్చు. అనుమానానికి గురయ్యేది ఎక్కువగా ఈ భాషలే. అమలాపురంలో పుట్టిన జి.ఎన్. సాయిబాబా నాగపూర్ జైలులో ఉన్నప్పుడు 2020 ఆగస్టులో ఆయన తల్లి మరణించింది. చివరి చూపుకు పెరోలు ఇవ్వలేదు. జైలు నుంచి ఆయన రాసిన కవితలూ ఉత్తరాలూ 2022లో పుస్తకంగా వచ్చాయి. 2024 మార్చి 5న నిర్దోషిగా తేలి బయటకు వచ్చి, జైళ్లలో కుల వివక్షపై తీర్పు వచ్చిన తొమ్మిది రోజులకే, అక్టోబర్ 12న హైదరాబాదులో కన్నుమూశాడు.

పుస్తకం అందితే ఏమవుతుందో కూడా చూద్దాం. బెంగాలీ దళిత రచయిత మనోరంజన్ బ్యాపారి బడికి పోలేదు. యువకుడిగా జైలుకు వెళ్లి, తోటి ఖైదీ చెబితే నేల మీద అక్షరాలు దిద్దాడు. బయటకు వచ్చి రిక్షా తొక్కుతూ చదివాడు, ఆ రిక్షా ఎక్కిన మహాశ్వేతాదేవి ప్రోత్సాహంతో రచయిత అయ్యాడు, 2021లో శాసనసభ్యుడయ్యాడు. కెన్యా జైలులో న్గూగీ వా థియోంగో మరుగుదొడ్డి కాగితం మీద గికుయు భాషలో రాసిన నవలను, మన జైలులో ఉంటూ వరవరరావు ‘మట్టికాళ్ల మహారాక్షసి’గా తెలుగు చేశారు. అమెరికాలో నల్లజాతివారిని మూకుమ్మడిగా జైళ్లపాలు చేయడం గురించి మిషెల్ అలెగ్జాండర్ రాసిన ‘ది న్యూ జిమ్ క్రో’ను న్యూజెర్సీలోని కొన్ని జైళ్లు నిషేధిస్తే, పౌరహక్కుల సంఘం నిలదీశాక 2018 జనవరిలో ఎత్తివేయవలసి వచ్చింది. లోపల ఎవరు ఎందుకున్నారో చెప్పే పుస్తకమంటేనే ఎక్కడైనా జైలుకు భయం.

జైళ్లు రాష్ట్రాల జాబితాలోని అంశం. ఉమ్మడి రాష్ట్రం 1979లో చేసిన నియమాలే రెండు తెలుగు రాష్ట్రాలకూ వారసత్వం. కుల తీర్పు వల్ల నియమావళిని ఎలాగూ తెరవవలసినప్పుడు, కులం గడి ఒక్కటి కొట్టేసి మూసివేయడం ఎందుకు? ఐక్యరాజ్యసమితి నెల్సన్ మండేలా నియమాల్లో 64వది ప్రతి జైలులో అన్ని తరగతుల ఖైదీలకూ గ్రంథాలయం ఉండాలంటుంది. భక్తి పుస్తకాలూ వ్యక్తిత్వ వికాస పుస్తకాలూ నింపిన బీరువాను గ్రంథాలయం అనలేం. అంబేడ్కర్, ఫూలే, పెరియార్, జాషువా రచనలు, నేర విచారణ చట్టాలు, జైలు నియమావళి తెలుగు ప్రతి ప్రతి బారకాసులో ఉండాలి. ఏ పుస్తకాన్ని ఆపినా ఏడు రోజుల్లో లిఖితపూర్వక కారణం, జిల్లా న్యాయసేవాధికార సంస్థకు అప్పీలు ఉండాలి. ఉత్తరం ఏ భాషలో ఉన్నా దానిని చదివించే బాధ్యత ప్రభుత్వానిదే కావాలి.

విద్యార్థి సంఘాలు దీనికోసం శాసనసభ సమావేశాల దాకా ఆగనక్కరలేదు. సమాచార హక్కు చట్టం చేతిలో ఉన్నది. రెండు రాష్ట్రాల జైళ్ల శాఖలకూ నేను ఈ వారమే దరఖాస్తులు పంపుతున్నాను. అడుగుతున్నవి మూడే: గత ఐదేళ్లలో తిప్పి పంపిన పుస్తకాల జాబితా, ప్రతిదానికీ నమోదైన కారణం, ప్రతి కేంద్ర కారాగార గ్రంథాలయంలోని పుస్తకాల పట్టిక. అలాంటి రిజిస్టరేదీ లేదని జవాబు వస్తే, అప్పీలులో మొదటి అంశం అదే అవుతుంది.