చెనక్కాయలు అమ్మి పామాయిల్ కొనే ఇల్లు మనది కాకూడదు

పైన వీడియోలో మా ఇంట్లో ఒక మామూలు రోజు చూపించాను. పొద్దున పాలు పిండడం, జీవామృతం కలపడం, మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి, సాయంత్రం పెరట్లో కూరగాయలు కోసుకోవడం. ఇలాంటి వీడియో పెట్టిన ప్రతిసారీ "అన్నా, నెలకు ఎంతలో గడిచిపోతుంది?" అని అడుగుతారు. నన్నడిగితే ముందు ఇంకో ప్రశ్న వేసుకోవాలి. మన నేలలో పండేదాన్ని మనం అంగట్లో ఎందుకు కొంటున్నాం?

చిత్తూరు అంటే చెనక్కాయ, బెల్లం, మామిడి. అయినా కాయను కళ్లంలోనే వ్యాపారికి తోలేసి, వారం తిరక్కుండా పామాయిల్ ప్యాకెట్ కొనే ఇళ్లు మన పల్లెల్లో ఎన్నో. మన దేశంలో వాడే పామాయిల్‌లో ఎక్కువ భాగం ఇండోనేసియా, మలేసియాల నుంచి ఓడల్లో వచ్చేదే. ప్రకృతి సేద్యం చేసేవాళ్లలో కూడా ఇది ఉంది. మందు కొట్టని కాయను తిరుపతి అపార్ట్‌మెంట్ల వాళ్లకు మంచి ధరకు అమ్మి, మన పిల్లలకు మాత్రం ప్యాకెట్ నూనెతో దోసె పోస్తాం. 2021లో తిరుమల శ్రీవారికి గో ఆధారిత సేద్యంలో పండిన ధాన్యంతో నైవేద్యం మొదలైంది. స్వామికి పెట్టే తిండి మన ఇంటి పిల్లలకు కూడా అందాలి కదా.

లెక్క చూద్దాం. 40 కిలోల కాయ మూట వలిస్తే 27, 28 కిలోల పప్పు వస్తుంది. గానుగలో సుమారు రెండున్నర కిలోల పప్పుకు ఒక లీటరు నూనె. ఐదుగురున్న ఇంటికి నెలకు 3 లీటర్లంటే ఏడాదికి 36 లీటర్లు. మూడున్నర మూటలు పక్కన పెడితే చాలు. చెక్క ఆవుకు మేత. నాకు గానుగ ఉంది కాబట్టి చెప్తున్నా అనుకోవద్దు, ఎక్కడ ఆడించినా ఇదే లెక్క. డిప్లొమాలో ఎకరాకు ఎంత దిగుబడి అన్నది నేర్చుకున్నాం. ఇంటికి ఎంత కావాలి అన్న లెక్క నేర్చుకోలేదు.

మన రాష్ట్ర ప్రకృతి సేద్యం కార్యక్రమంలో 20 సెంట్ల ఏటీఎం మోడల్ మీకందరికీ తెలిసిందే. ఏటీఎం అంటే ఎనీ టైమ్ మనీ. మా ఇంట్లో అది ముందు 'ఎనీ టైమ్ కూర'. వంకాయ, అనపకాయ, గోగాకు, మునగ, ఏదో ఒకటి రోజూ దొరుకుతుంది. ఇంటికి పోగా మిగిలిందే సంచిలో వేసి అమ్ముతాం. ధర పడిపోయినప్పుడు దీని విలువ తెలుస్తుంది. 2023 జూలైలో మదనపల్లెలో కిలో 200 రూపాయలకు దగ్గరగా పోయిన టమోటా సెప్టెంబర్‌కల్లా కుప్పకూలింది. 2025లో తోతాపురి మామిడికి ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందని ప్రకటించినా, ట్రాక్టర్లు గేట్ల ముందు బారులు తీరి నిలబడ్డాయి. ధర మన చేతుల్లో లేదు. ఇంట్లో రాగులు, పప్పు, నూనె ఉంటే కనీసం ఆ నెల తిండికి అప్పు చేయాల్సిన పని ఉండదు.

అయితే వీడియోల్లో కనపడని సంగతి ఒకటుంది. ఖర్చు తగ్గిందని రాసుకుంటాం, ఆ పని ఎవరి మీద పడిందో రాసుకోం. కాయ వలవడం, రాగులు చెరగడం, పేడ ఎత్తడం, ఊరగాయ పెట్టడం వీడియోలో పదిహేను సెకన్లు. ఇంట్లో గంటల పని, అదీ ఎక్కువగా ఆడవాళ్ల పని. కొనడం మానేసిన ప్రతి వస్తువూ ఇంటి ఇల్లాలికి ఇంకో పని అయితే, దాన్ని పొదుపు అనకూడదు. అందుకే మా ఇంట్లో ఏ కొత్త పని మొదలుపెట్టినా, ఎవరు చేస్తారో ముందే తేల్చుకుంటాం. కాయ వలిచేది నేనూ మా నాయనా. పేడ, జీవామృతం నా వంతు. రాగులు మిల్లులోనే పట్టిస్తాం. ఇసుర్రాయి వీడియోకు బాగుంటుంది గానీ, రోజూ తిప్పే చేతులకు బాగుండదు.

అన్నీ మనమే పండించాలన్న పంతం కూడా వద్దు. ఉప్పు కొనాల్సిందే. కరెంటు బిల్లు, స్కూలు ఫీజు, ఆస్పత్రి, వీటికి డబ్బే కావాలి. అందుకే అమ్ముతాం, అమ్మాలి కూడా. మనకు లేనిది పక్క చేనులో ఉంటుంది. మేము ఉలవలు ఇచ్చి చింతపండు తెచ్చుకుంటాం. ఒక్క ఇంటికి సాధ్యం కానిది నాలుగు ఇళ్లు కలిస్తే అవుతుంది. సిటీలో ఉద్యోగం మానేసి ఎకరా కొనుక్కుని "ఖర్చు లేకుండా బతుకుతాం" అనే తమ్ముళ్లకు కూడా ఇదే చెప్తున్నా. ఖర్చు లేని బతుకు లేదు, ఏ ఖర్చు మానుకోవచ్చో తెలిసిన బతుకు ఉంది.

ఈ వానలకు ముందు నవధాన్యాల విత్తనాలు సిద్ధం చేసుకునేటప్పుడు, పోయిన నెల అంగడి చీటీ కూడా తీయండి. మన నేలలో పండేవాటి కింద గీత గీయండి. అందులో ఒక్కటి ఈ ఏడాది కొనడం ఆపండి. నూనెతో మొదలుపెట్టమంటాను. దాని పని ఎవరు చేస్తారో కూడా ఇంట్లో అందరూ కూర్చుని, ఆ చీటీ వెనకే రాసుకోండి.