ఒకే మాయ, ఇద్దరు బిడ్డలు

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

మా అమ్మాయి మూడో నెల స్కాన్ రిపోర్టులో ‘కవలలు’ అని మాత్రమే రాశారు. ఇద్దరికీ మాయ ఒకటేనా, రెండా అన్నది లేదు. ఆరో నెలలో పెద్దాసుపత్రికి పరిగెత్తేసరికి ఒక బిడ్డ మితిమీరిన ఉమ్మనీటిలో మునిగి ఉంది, ఇంకో బిడ్డ చుట్టూ చుక్క లేదు. లేజర్‌తో ఇద్దరినీ కాపాడే స్థితి దాటిందన్నారు. ఇంకో బిడ్డను దక్కించుకోవడానికి ఒక బిడ్డను వదులుకున్నాం.

మాయ ఒకటే అయితే రక్తనాళాలు కలిసి ఉంటాయి. ఒకరికి గుండె ఆపే ఇంజెక్షన్ ఇస్తే రెండో బిడ్డకూ ముప్పే. అందుకే రేడియో తరంగాల వేడితోనో, కరెంటుతోనో బొడ్డుతాడులో రక్తప్రసరణ ఆపుతారు. ఆ తర్వాత రెండో బిడ్డ దక్కేది నాలుగు గర్భాల్లో ఇంచుమించు మూడింటిలో. దక్కినా ఉమ్మనీటి సంచి ముందే పగిలి, నెలలు నిండకుండానే కాన్పయ్యే భయం. మా మనవడు 31వ వారంలో పుట్టాడు. వదులుకున్న బిడ్డను తలచుకోవడానికి మాకు పేరు కూడా లేదు.

అయ్యా, 11 నుంచి 14 వారాల లోపు స్కాన్‌లో మాయల సంఖ్య రాయడం తప్పనిసరి చేయండి. ఒకటే అయితే 16వ వారం నుంచి రెండు వారాలకోసారి ఉచితంగా స్కాన్ చేయించండి. బతికిన బిడ్డల ఎదుగుదలను జిల్లా ఆసుపత్రిలోనే రెండేళ్లపాటు పరీక్షించే ఏర్పాటు చూడండి.

ఇట్లు,
ఒక అమ్మమ్మ