నలుగురు పట్టుకొనుటయా? మత్తు ఇచ్చుటయా?

పిల్లల పంటినొప్పి సాధారణముగా రాత్రి పది గంటల తరువాతనే మొదలగును. ఆ రాత్రి లవంగనూనెతోను, ఉప్పునీటితోను గడచిపోవును. తెల్లవారగానే తండ్రి బిడ్డను స్కూటరుపై కూర్చుండబెట్టుకొని దంతవైద్యుని వద్దకు తీసికొనిపోవును. తీరా అచ్చట బిడ్డ నోరు తెరవడు. అప్పుడేమి చేయవలెను? ఈ ప్రశ్నకు మన ఇండ్లలో ఏనాటి నుండియో ఒకే జవాబు ఉన్నది: నలుగురు పట్టుకొనవలెను.

ఆ జవాబు నాకు అనుభవములో ఉన్నది. నా ఎనిమిదవ ఏట ఒక పట్టణములోని వైద్యశాలలో అబ్బాజాన్ నా కాళ్ళను, మామూజాన్ చేతులను, కాంపౌండరు తలను అదిమి పట్టుకొనిరి. పన్ను వచ్చినది. బయటికి రాగానే అందరును "బహాదూర్" అని మెచ్చుకొని ఐస్‌క్రీము కొనిపెట్టిరి. వారు చేసినది నా మేలు కోరియే. ఆ సంగతి అప్పుడును నాకు తెలియును. కాని అటుపిమ్మట పదకొండు సంవత్సరములు నేను ఏ దంతవైద్యుని గడపయు త్రొక్కలేదు. నొప్పి వచ్చినప్పుడు ఇంటిలో చెప్పక మాత్రలు మ్రింగితిని. పందొమ్మిదవ ఏట విధిలేక వెళ్ళునప్పటికి, జీవితాంతము ఉండవలసిన రెండు దవడపళ్ళు పనికిరాకుండ పోయి ఉన్నవి. నాడు పీకినది పాలపన్ను. అది మరి రెండు మూడేండ్లలో తనంతట తానే ఊడిపోవలసినది.

ఈ పాత కథ ఇప్పుడు చెప్పుటకు కారణము మా ఆపా కుమార్తె. ఆమెకు ఆరేండ్లు. మూడు పళ్ళు పిప్పి పట్టినవి. వైద్యురాలు రెండు పర్యాయములు ప్రయత్నించి, "పాప నోరు తెరవడం లేదు, కావాలంటే మత్తు ఇచ్చి చేయవచ్చు, మీరు ఆలోచించుకొని చెప్పండి" అని పంపివేసినది. ఆ రోజునుండి మా ఇంటిలో రెండు పక్షములు ఏర్పడినవి. "మత్తిస్తే పిల్ల మెదడు మొద్దుబారిపోతుంది" అని నానీ. "గట్టిగా పట్టుకుంటే ఐదు నిమిషాల పని, దీనికి ఇంత చర్చ ఎందుకు?" అని దూల్హాభాయి. విచిత్రమేమనగా, మత్తుమందనగానే అందరును అపాయమును గూర్చి ప్రశ్నించుచున్నారు; పట్టుకొనుటను గూర్చి ఎవ్వరును ప్రశ్నించుట లేదు. మత్తుకు వైద్యులు కాగితముపై సంతకము తీసికొందురు. పట్టుకొనుటకు ఎవ్వరి సంతకమును అక్కరలేదు. అదియు ఒక చికిత్సా నిర్ణయమే అని మనకు తోచకపోవుటయే నా ఫిర్యాదు.

మత్తు అను ఒక్క మాట క్రింద మనము మూడు నాలుగు వేర్వేరు సంగతులను కలిపివేయుచున్నాము. మొదటిది నైట్రస్ ఆక్సైడ్. రసాయనశాస్త్ర పుస్తకములలో నవ్వు పుట్టించు వాయువుగా మనము చదివినది ఇదియే. ఆక్సిజనుతో కలిపి ముక్కుపై తొడుగు ద్వారా ఇత్తురు. బిడ్డ మేలుకొనియే ఉండును, మాటలాడును. భయము మాత్రము సడలును. తొడుగు తీసి కొంతసేపు ఆక్సిజను ఇచ్చినచో నిమిషములలో తేరుకొనును. అయితే ముక్కుతో గాలి పీల్చగలిగిన బిడ్డకే ఇది పనిచేయును. జలుబుతో ముక్కు బిగిసిన వానికి, తొడుగు చూచి కెవ్వున ఏడ్చువానికి దీనివలన లాభము లేదు. రెండవది మిడజోలమ్ వంటి మందు, పానకమువలె నోటితో త్రాగించునది. బిడ్డ మగతగా ఉండును. జరిగినది అంతగా జ్ఞాపకముండదు. కొందరు పిల్లలు మాత్రము దీనితో శాంతించుటకు బదులు మరింత చిరాకుపడుదురు. ఈ రెండింటిలో ఏది ఇచ్చినను, నొప్పి తెలియకుండుటకు చిగురుకు సూదిమందు సాధారణముగా వేరే ఇయ్యవలసినదే. ఆపైన గాఢమైన మత్తు, చివరకు పూర్తిగా స్పృహ తప్పించుట. ఈ మెట్ల మధ్య గోడలు లేవు. తేలిక మత్తుకని ఇచ్చిన మందు ఒక బిడ్డను అనుకున్నదానికంటె లోతునకు తీసికొనిపోవచ్చును. ఉన్న అపాయమంతయు ఈ జారుడులోనే ఉన్నది.

దంతవైద్యమునకును మత్తుకును గల చుట్టరికము పాతది. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ నగరమున హోరేస్ వెల్స్ అను దంతవైద్యుడు 1844 డిసెంబరు 11వ తేదీన తానే నైట్రస్ ఆక్సైడ్ పీల్చి తన పన్ను తీయించుకొనెను. ఈథరుతో శస్త్రచికిత్సను 1846లో బోస్టనులో ప్రదర్శించిన మోర్టనుకూడ దంతవైద్యుడే. తరువాత క్లోరోఫారం వచ్చినది. 1848 జనవరిలో ఇంగ్లండులో హన్నా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయించుకొనుటకు క్లోరోఫారం పీల్చి నిమిషములలో మరణించెను. క్లోరోఫారం వలన సంభవించినదిగా నమోదైన మొదటి మరణము అదియే.

ఆ మరణములకు కారణము శ్వాస ఆగుటయా, గుండె ఆగుటయా అను వాదమును తేల్చుటకు ప్రయత్నము జరిగినది మన హైదరాబాదులోనే. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కాలమున రెసిడెన్సీ సర్జను ఎడ్వర్డ్ లారీ ప్రోద్బలముతో 1888లోను, లండనునుండి లాడర్ బ్రంటన్ వచ్చి పాల్గొనగా 1889లోను, హైదరాబాదు క్లోరోఫారం కమిషనులు పనిచేసినవి. లారీ శిష్యురాలు రూపాబాయి ఫర్దూన్‌జీకి కూడ ఆ కృషిలో పాలు కలదు. నాడిని కాదు, శ్వాసను కనిపెట్టుడు. శ్వాసయే ముందు ఆగును అని వారు తేల్చిరి. ఇందులో సగము పొరపాటు. క్లోరోఫారం స్వల్ప మోతాదులో ఉండగా గుండె హఠాత్తుగా గతి తప్పగలదనియు, అడ్రినలిన్ అందుకు దోహదము చేయుననియు 1911 మొదలు గుడ్‌మన్ లెవీ జరిపిన ప్రయోగములు చూపినవి. భయపడిన వాని రక్తములో అడ్రినలిన్ పెరుగునని జీవశాస్త్ర విద్యార్థులకు చెప్పనక్కరలేదు. క్లోరోఫారం నేడు వాడుకలో లేదు. లారీ చెప్పిన మాటలోని మిగిలిన సగము, అనగా శ్వాసను కనిపెట్టుడనునది, నేటికిని నిలిచి ఉన్నది. బిడ్డ శ్వాసమార్గము ఇరుకు. ఆక్సిజను నిల్వ స్వల్పము. పైగా దంతవైద్యుడు పనిచేయునది ఆ గాలి పోవు దారిలోనే. నీరు, దూది, పనిముట్లు అన్నియు అచ్చటనే.

కావున నా దృష్టిలో "మత్తు మంచిదా, చెడ్డదా?" అని అడుగుటవలన ప్రయోజనము లేదు. అడుగవలసినది, పంటిపై పనిచేయు వైద్యుని కన్నులు పంటిపై ఉన్నంతసేపు బిడ్డ శ్వాసపై ఎవరి కన్నులుండును అని. అమెరికాలోని శిశువైద్యుల, బాలదంతవైద్యుల సంఘములు 2019లో సవరించిన నియమములు గాఢమైన మత్తుకు తగిన శిక్షణ గల మరియొకరు ప్రత్యేకముగా ఉండి తీరవలెనని చెప్పుచున్నవి. బ్రిటనులో 2001 సంవత్సరాంతము నుండి పంటి పనికై పూర్తిగా స్పృహ తప్పించుట పెద్ద ఆసుపత్రులకే పరిమితము చేయబడినది. ఆక్సిజను సిలిండరు ఉన్నదా? 2020 కోవిడ్ రోజులలో ఇంటింటికి పరిచయమైన, వ్రేలికి తగిలించు ఆ చిన్న పరికరము ఉన్నదా? శ్వాస మందగించినచో ఏమి చేయుదురు? ఇవి అడిగినంతనే కోపగించుకొను వైద్యుని వద్ద నేనైతే మత్తు ఇప్పించను.

నానీ భయమును కొట్టివేయుటయు న్యాయము కాదు. మూడేండ్లలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గాని, పలుమార్లు గాని మత్తు ఇచ్చుటవలన మెదడు ఎదుగుదలకు హాని కలుగవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016లో హెచ్చరించినది. శైశవములో గంటలోపు ఒక్కసారి మత్తు పొందిన పిల్లలను ఐదవ ఏట పరీక్షించి చూడగా తేడా కనిపించలేదని 2019లో ప్రకటితమైనది. మా పాప ఆరేండ్లది, పని అరగంటది.

అన్నిటికంటె ముందు అడుగవలసినది మరియొకటి ఉన్నది: ఈ పని ఈనాడే, ఈ పద్ధతిలోనే జరుగవలెనా? నరము వరకు పోని పిప్పికి సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అను మందు పూసినచో అచ్చటికి ఆగుటకు మంచి అవకాశము కలదు. సూది లేదు, మిషను లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీనిని అత్యవసర ఔషధముల పట్టికలో చేర్చినది. పిప్పి ఉన్నచోట నల్లగా మచ్చపడి అట్లే ఉండిపోవును. ఆడపిల్లకు ముందు పళ్ళపై ఇది ఎట్లని ఆపా సందేహము. పోనిండు, దవడపళ్ళకు మచ్చ ఎవరికి కనబడును? పని చేయుటకు ముందు పనిముట్టును గూర్చి చెప్పి, చూపి, ఆ తరువాత చేయు పద్ధతియు కలదు. దానికి ఖర్చు లేదు, తీరిక కావలెను. మన వైద్యశాలలలో కొరవడినది అదియే. అందుకు ఒక్క వైద్యులను మాత్రమే నిందింపలేము. బయట ఇరువదిమంది వేచియుందురు, లోపల మనమే తొందరపెట్టుదుము.

ఇన్నియు చేసినను కొందరు పిల్లలు కుదుటపడరు. చీము పట్టిన పన్ను వేచియుండదు. అట్టి వేళ తగిన ఏర్పాట్లున్నచోట మత్తు ఇప్పించుట సిగ్గుపడవలసిన పని కాదు, బిడ్డను గారాబము చేయుటయు కాదు.

కళాశాల కమిటీ వారికి ఒక విన్నపము. ఎన్.ఎస్.ఎస్. శిబిరములలో పరిసర పాఠశాలల పిల్లలకు దంతపరీక్షలు ఏర్పాటు చేయునప్పుడు, ఆ రోజు చూచుటయే గాని పీకుట ఉండరాదని దయచేసి నియమము పెట్టుడు. పిల్లలను వరుసలో నిలబెట్టి తీసికొనివచ్చు స్వచ్ఛంద సేవకులము మేమే. పట్టుకొనుడని చెప్పినచో పట్టుకొనువారమును మేమే అగుదుము.

మా పాప సంగతి: రెండు పళ్ళకు నల్లమందు పూసినారు, నోరు తెరచినది. మూడవది లోపల చెడినది. దానికి నైట్రస్ ఆక్సైడ్ ఇచ్చి చేయుటకు నిశ్చయమైనది. ముక్కు తొడుగు ఒకటి ఇంటికి ఇచ్చినారు. దానిని పెట్టుకొని పాప, తాను విమానము నడుపుచున్నానని మూడు రోజులుగా అందరికి చెప్పుచున్నది. ఆ ఉదయము ముందుగా ఏమి తినవచ్చునో, ఏమి తినరాదో వైద్యురాలు వ్రాసి ఇచ్చినది. నానీ ఆ కాగితము విని ఒప్పుకొన్నది. అయినను బిస్కట్ల డబ్బాను ఆపా ముందురోజే అలమారలో పెట్టి తాళము వేయబోవుచున్నది.