జొన్నరొట్టెకు పీట

ఆంగ్లేయుని ఉదయభోజనమునకు లోకమున గల కీర్తి అతని తక్కిన భోజనములకు లేదు. ఫ్రెంచివారు, ఇటలీవారు ఆంగ్లేయుల వంటను చూచి నవ్వుట పరిపాటి. అట్లు నవ్వువారు సైతము ఉదయపు పళ్లెరము ముందు మౌనము వహింతురు. వేడివేడిగా వేయించిన గ్రుడ్లు, పందిమాంసపు పలుచని తునకలు, సాసేజి, మగ్గిన టమాటా, పుట్టగొడుగులు, కాల్చిన రొట్టె, దానిపై వెన్న, చివర నారింజతొక్కలతో వండిన మార్మలేడు, వీటన్నిటికి తోడు గిన్నెడు తేనీరు. శాకాహారులైన పాఠకులు ఈ పట్టికను చూచి ముఖము త్రిప్పుకొనవచ్చును. అయినను ఇక్కడ విచారింపదగిన విషయము వేరొకటి కలదు. ఒక జాతి తన ఉదయపు తిండికి పీట వేసి, పేరు పెట్టి, అతిథికి గర్వముతో వడ్డించుట నేర్చినది. ఆ గర్వము మనకు లేకపోవుటకు కారణమేమి?

ఆ పళ్లెరము అనాదిసిద్ధమని ఆంగ్లేయులలో పలువురు నమ్ముదురు గాని, చరిత్ర అట్లు చెప్పదు. టమాటా అమెరికా ఖండమునుండి వచ్చినది. నేడు ఆ పళ్లెరమున తప్పనిసరియైన డబ్బా బీన్సును హైంజ్ అను అమెరికా కంపెనీ 1886లో లండనులోని ఫోర్ట్‌నమ్ అండ్ మేసన్ అంగడికి చేర్చినది. నాడు అది ధనవంతుల వింతవస్తువు. నేడు లారీ నడుపువాని తిండి. 1861లో ఇసబెల్లా బీటన్ వెలువరించిన గృహనిర్వహణ గ్రంథమునందు ఉదయపు వంటకములకు మర్యాదగల స్థానము కనబడును. రెండవ ప్రపంచయుద్ధమున, 1940 జనవరిలో, పందిమాంసము, వెన్న, పంచదారలకు రేషను పెట్టిరి. మాంసముపై ఆ కట్టడి 1954 జులై వరకు పూర్తిగా తొలగలేదు. పదునాలుగేండ్లు తూచి తినిన జనులకు నిండు పళ్లెరము కంటబడుటయే పండుగ అయియుండును.

ఆ బల్లపైకి మన దేశమునుండి వెళ్లిన చుట్టమొకటి కలదు. మన కిచిడీని రుచిమరిగిన కంపెనీ ఉద్యోగులు దానిని తమ దేశమునకు కొనిపోయి, పప్పును విడిచిపెట్టి, పొగబెట్టిన చేపను, ఉడికించిన గ్రుడ్డును చేర్చి కెడ్జరీ అని పేరుపెట్టిరి. చేపకు అసలు కిచిడీతో సంబంధము లేదని హాబ్సన్-జాబ్సన్ పదకోశము 1886లోనే తెలిపినది. అయినను విక్టోరియా రాణి కాలపు పెద్దయిండ్లలో అది ఉదయపు వంటకముగ స్థిరపడినది. మన పల్లెటూరి పప్పుబియ్యము వెండి పాత్రలోనికి ఎక్కినది.

ఆ వంటకము తన దేశమున ఎట్లున్నదో చూడగోరువారు జహీరాబాదునకు పోవచ్చును. హైదరాబాదునుండి పూనాకు పోవు 65వ జాతీయ రహదారిపై నున్న ఈ పట్టణము నిజాము పాలనలో బీదరు జిల్లాలోనిది. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణముతో మెదకు జిల్లాలో చేరినది. 2016లో సంగారెడ్డి జిల్లాకు వచ్చినది. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ నాలుగును వినబడు తావు గనుక ఇక్కడి ఉదయపు తిండియు నాలుగు భాషలు మాటలాడును. ఎర్రపప్పుతో, పసుపుతో వండిన పొడిపొడి కిచిడీ, దానిపై నువ్వులు, చింతపండు కలిపిన పలుచని ఖట్టా, ప్రక్కన కాల్చిన అప్పడము, కలిగినవారికి ఖీమా. ఇది హైదరాబాదు రాజ్యపు పట్టణములు ఈ నేలకు ఇచ్చిన ఉదయభోజనము. వేడి అన్నము మీద చల్లని పులుపు పడునప్పటి రుచిని కెడ్జరీ తిను ప్రభువులు ఎరుగరు.

ఈ ప్రాంతమున ఉదయపు తిండికి నాష్తా అని పేరు. ఆ పారసీక పదమునకు మూలార్థము ఏమియు తినకుండుట. ఆంగ్లేయుని మాటకు అర్థము ఉపవాసమును విడుచుట. ఇరువురును ఆకలిని తలచుకొని పేరుపెట్టిరి. తెలుగువాని చద్ది అనుమాట మాత్రము ముందునాటి అన్నమును తలచుకొన్నది. భాగవతమున బాలకృష్ణుడు గోపబాలురతో కూడి చల్దులారగించు ఘట్టము విద్యార్థులెల్లరు ఎరిగినదే. పోతన తన దేవునికి తినిపించినది ఆ గొల్లపిల్లలు ఇండ్లనుండి మూటగట్టి తెచ్చిన అన్నమునే.

అయితే జహీరాబాదు పల్లెల అసలు ఉదయభోజనము కిచిడీ కాదు, అన్నమును కాదు. అది జొన్నరొట్టె. దానిని గూర్చి కొంత విస్తరించి చెప్పవలసియున్నది. ఏలయన తినినవారికిది తెలిసినదే యైనను, తినుట మానిన యిండ్ల పిల్లలకు తెలియనిది.

జొన్నపిండికి గోధుమపిండికుండు సాగుడు లేదు. చన్నీళ్లతో కలిపిన ముద్ద అంచుల వెంట విచ్చిపోవును. అందుచేత మరుగునీరు పోసి, చేయి చుర్రుమనుచుండగనే మెదిపి, మెత్తబడిన పిమ్మట పొడిపిండి చల్లి అరచేతితో చరచుదురు. ఆ చరుపులో ముద్ద తనంతట తాను తిరుగుచు విశాలమగును. తెల్లవారుజామున వీధిలో నడచిపోవువానికి ఇంటింటినుండి వినబడు ఆ తపతప ధ్వనియే ఏ యింట పొయ్యి వెలిగినదో చెప్పును. పెనముపై వేసిన రొట్టె పైభాగమున నీరు రాచి, ఆ తడి ఆరునంతలో తిరుగవేయుదురు. పిదప నిప్పుల ప్రక్కకు చేర్చినచో రొట్టె పొంగి, రెండు పొరలై, నడుమ ఆవిరి నిలుచును. ఆ పొరను చీల్చినప్పుడు వచ్చు వాసన కొత్తజొన్నకు ఒకటి, పాతజొన్నకు మరియొకటి. పిండి ఎక్కువ దినములు నిలువ ఉన్నచో చేదెక్కును గనుక ఎప్పటికప్పుడు కొలదిగా విసరుకొనుట వాడుక. తిరుగలి పోయి గిర్నీ వచ్చినను ఆ వాడుక మారలేదు.

ఇక దాని తోడువారు. పచ్చిమిరపకాయ తొక్కు, వెల్లుల్లికారము, పల్లీల పొడి, అవిసెగింజల పొడి, పుంటికూర పప్పు, ఉల్లిగడ్డ. పిడికిటితో చితుకగొట్టిన ఉల్లిగడ్డకు కత్తితో తరిగిన ఉల్లిగడ్డ సాటిరాదని ఈ ప్రాంతమువారి దృఢమైన అభిప్రాయము. దానిని ఖండించుట కష్టము. వానకాలమున చేల గట్లపై విత్తకయే మొలచు తుమ్మికూర, దొగ్గలికూర కూడ పళ్లెరములోనికి వచ్చును. మిరపకాయయు, పల్లీయు అమెరికా ఖండమునుండి వచ్చినవి. జొన్నయే వేల యేండ్ల క్రిందట ఆఫ్రికానుండి వచ్చినది. ఆంగ్లేయుని బీన్సును చూచి నవ్వుటకు మనకును అధికారము లేదు.

ఈ రొట్టెకు సభలో పీట దక్కకపోవుట నేటి సంగతి కాదు. శ్రీనాథుని పేర ప్రచారములో నున్న చాటువులు పలనాటి జొన్నకూటిని ఎత్తిపొడిచినవి. రాజుల పంక్తిని సన్నబియ్యము తినిన కవికి జొన్న గొంతు దిగలేదు. పద్యములు రుచిగా నుండుటచే ఆ ఎగతాళి నేటికిని తరగతి గదులలో నవ్వు పుట్టించుచున్నది. ఆంగ్లదేశమునను ఇట్టి ముచ్చట ఒకటి జరిగినది. 1755లో నిఘంటువు వెలువరించిన డాక్టరు జాన్సను, ఓట్ ధాన్యమునకు అర్థము చెప్పు నెపమున, తమ గుర్రముల మేత స్కాట్లండు ప్రజలకు భోజనమైనదని హేళన చేసెను. స్కాట్లండువారు తమ గంజి తాగుట మానలేదు. కాలక్రమమున ఆ ఓట్ గంజియే లండను పెద్దమనుష్యుల ఉదయపు బల్లపై మొదటి వంటకమై కూర్చున్నది. ఇప్పుడది అందమైన డబ్బాలలో జహీరాబాదు దుకాణములకును వచ్చుచున్నది. పలనాటి జొన్నకు అట్టి తీర్పు ఇంకను దొరకలేదు.

1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున కిలో రెండు రూపాయల బియ్యము పథకము ఆరంభమైనది. ఆకలిగొన్న యిండ్లకు అది చేసిన మేలు కాదనరానిది. కాని చౌకగా వచ్చు బియ్యము ముందు, ఎర్రనేలపై శ్రమపడి పండించు జొన్న నిలువలేకపోయినది. వరి పండని ఊళ్లలో వరియన్నము పరువైన తిండి యైనది. రొట్టె పేదరికపు గుర్తు అయినది. 2015 జనవరినుండి తెలంగాణ పాఠశాలల మధ్యాహ్నభోజనమున, 2025 ఏప్రిలునుండి చౌకధరల దుకాణములందు సన్నబియ్యము ఇచ్చుట మొదలైనది. శ్రీనాథుని కోరిక ఆరువందల యేండ్లకు ఇంటింట నెరవేరినది!

అదే 1983లో జహీరాబాదు చెంతనున్న పస్తాపూరు కేంద్రముగా దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఏర్పడినది. అందలి సంఘముల స్త్రీలు, ఎక్కువమంది దళిత కుటుంబములవారు, బీడువడిన భూములను బాగుచేసి జొన్న, సజ్జ, కొర్ర, సామ విత్తనములను నిలిపిరి. పండిన జొన్నను గ్రామములోనే నిలువచేసి పేదలకు పంచు ఏర్పాటును చేసికొనిరి. సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై విత్తనములు పెట్టుకొని ఊరూర తిరుగు పాతపంటల జాతర వారిదే. 2008లో మాచనూరులో సంగం రేడియోను స్థాపించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థవారి ఈక్వేటరు బహుమతి వారికి లభించినది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినప్పుడు ఢిల్లీ విందులలో పెద్దలు కొర్రలను, సామలను మెచ్చుకొనిరి. నిరక్షరాస్యలైన స్త్రీలు నలుబదియేండ్లు కాపాడిన దానిని చదువుకొన్నవారు ఆ యేట క్రొత్తగా కనుగొనిరి.

జొన్నను పొగడునప్పుడు ఒక హెచ్చరిక అవసరము. ఇప్పుడు కొందరు దానిని సర్వరోగ నివారిణియని చాటుచున్నారు. అది సరికాదు. దక్కను పీఠభూమిపై జొన్న తప్ప వేరు తిండి లేని పేదలకు పెల్లాగ్రా వ్యాధి వచ్చుచుండెడిది. ఆ విషయమును హైదరాబాదులోని పరిశోధనాలయమున కొలుత్తూరు గోపాలన్, శ్రీకంఠయ్యగార్లు పరిశోధించి, జొన్నలో అధికముగానున్న ల్యూసిను అను పదార్థము కారణము కావచ్చునని 1960లో ప్రకటించిరి. లైసిను అను మరియొక పదార్థము జొన్నలో తక్కువ. ఆ లోటును పప్పు తీర్చును. కావున రొట్టెతో పుంటికూర పప్పును, పల్లీపొడిని, ఆకుకూరను, పెరుగును కూర్చిన వెనుకటి గృహిణి పళ్లెరము సమగ్రమైనది. వట్టి రొట్టె, వట్టి కారము మాత్రము దారిద్ర్యమే. పొగడవలసినది పళ్లెరమును.

ఈ ఆనందమున పాలు దక్కనిదియు ఒకతె కలదు: రొట్టె చేయునామె. రొట్టె వేడిగా తినవలసినదని అందరును కూర్చుందురు. ఆమె పొగలో కూర్చుండి ఒక్కొక్కటిగా చేసి వేయుచుండును. చివరిది, చల్లారినది ఆమెకు మిగులును. పిమ్మట పొలమునకు పరుగు. బియ్యము పొయ్యిమీద పెట్టి వేరుపని చూచుకొనవచ్చునని ఆమె అన్నమువైపు మొగ్గినచో తప్పుపట్టు అర్హత పీటపై కూర్చున్నవారికి లేదు. ఆంగ్లేయుల పెద్దయింటి ఉదయభోజనమును గూర్చి వ్రాసినవారును తెల్లవారకముందే లేచిన వంటకత్తెను అంతగా తలచుకొనలేదు. యింటిలోని మగవారు రొట్టె చరచుట నేర్చుకొనిననాడే ఈ వంటకము నిజముగ బ్రతుకును.

తల్లిదండ్రులు కోడికూతతో పనికి పోయిన యింటి పిల్ల ఏమి తిని బడికి వచ్చును? మొదటి గంటలోనే తల వాల్చు పిల్లను చూచిన ఉపాధ్యాయునికి సమాధానము తెలియును. బడులలో వండిన భోజనము పెట్టవలెనని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఆదేశించినది; దానివలన మధ్యాహ్నపు ఆకలి తీరినది. ఉదయపు ఆకలి మిగిలినది. 2020 జాతీయ విద్యావిధానము ఉదయాహారమును సూచించినది. తమిళనాడు 2022 సెప్టెంబరులో పాఠశాలలలో ఆరంభించినది; తెలంగాణలో 2023 అక్టోబరులో ఇట్టి పథకమునకు ప్రారంభోత్సవము జరిగినది. నాడు ప్రకటించిన పట్టికలో ఇడ్లీ, ఉప్మా, పూరీ, పొంగలి ఉన్నవి. చిరుధాన్యపు ఇడ్లీయు ఉన్నది. జొన్నరొట్టె లేదు. ఇడ్లీ వేషము వేసికొనినగాని మన ధాన్యమునకు బడిలో ప్రవేశము దొరకలేదు.

వందలమంది పిల్లలకు ఉదయమున రొట్టెలు చరచుట సాధ్యమా యని అడుగుదురు. గుల్బర్గా, షోలాపూరు ప్రాంతములలో స్త్రీలు చేసి కట్టలుగా అమ్ము కడక్ రొట్టెలు పలుదినములు నిలువ ఉండును. పప్పులో ముంచినచో మెత్తబడును. అవి జహీరాబాదునకు దూరపువి కావు. జొన్నగటకకు చరుచు పనియే లేదు. ఒక పెద్ద గంగాళమున ఉడుకును. ఉపాధ్యాయుడు చేయదగినది ఇంకొకటి కలదు. పిల్ల డబ్బా తెరచినప్పుడు అందులో రొట్టెను చూచి తోటిపిల్లలు నవ్వినచో, శ్రీనాథుని చాటువుతోపాటు జాన్సను కథయు చెప్పి, ఆ రొట్టెలో ఒక తునకను అడిగి తినవచ్చును.

మాఘ ఫాల్గుణములందు యాసంగి జొన్న ఇంటికి వచ్చును. ఆ నెలలలో జహీరాబాదు మండలమునందలి ఏ యొక పాఠశాలయైనను, ఊరి స్త్రీల సంఘమునకు తగిన కూలి ఇచ్చి, వారమునకొక ఉదయము రొట్టె, పుంటికూర పప్పు, పల్లీపొడి వడ్డించి చూడవచ్చును. ఎన్ని రొట్టెలు మిగిలినవో ఆ బడి పిల్లలే లెక్కకట్టి గోడపై వ్రాయుదురు గాక.