పేరు తెలియని దాతకు ఋణపడి

కొన్నేళ్ళ క్రిందట డునెడిన్‌లో మా రెండవ సంతానం కలిగిన రాత్రి నా శ్రీమతికి అధిక రక్తస్రావమైనది. మూడు సంచుల రక్తం ఎక్కించగా, తెల్లవారేసరికి ఆమె ముఖాన కళ వచ్చినది. దాతకు నమస్కరించాలని అడిగితే, పేరు చెప్పరాదని నర్సు మృదువుగా తెలిపినది. మన ఊరిలోనైతే మేనమామనో, బావమరిదినో ఆస్పత్రికి పరుగెత్తించేవారము. ఇక్కడ బంధువులు లేరు. అయినా రక్తం ముందే సిద్ధంగా ఉన్నది!

వృత్తిరీత్యా రసాయన శాస్త్రజ్ఞుడను గనుక, దీని వెనుకనున్న రసాయనం నాకు ఆశ్చర్యం గొలుపుతుంది. 1901లో కార్ల్ లాండ్‌స్టైనర్ రక్తవర్గాలను వెల్లడించాడు. అప్పటికి దాతా, రోగీ సాధారణంగా ఒకేచోట ఉండవలసినదే. రక్తం నిమిషాలలో గడ్డకట్టేది. సోడియం సిట్రేటు రక్తంలోని కాల్షియంను బంధించి గడ్డకట్టనీయదు. 1914లో దానిని రక్తమార్పిడికి వాడిన తరువాతనే రక్తాన్ని నిలువచేయుట సాధ్యమై, ముక్కూమొగమూ తెలియనివారు మనకు ప్రాణదాతలైనారు. అయితే ఎర్రకణాలు ఐదారు వారాలే నిలుస్తాయి. ప్లేట్‌లెట్లు వారం మాత్రమే. రక్తానికి పూర్తి ప్రత్యామ్నాయాన్ని ఏ ప్రయోగశాలా నేటికీ తయారుచేయలేదు.

డునెడిన్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో వైద్యం చదివిన విలియం లైలీ, 1963లో ఆక్లండ్‌లో గర్భస్థ శిశువుకే రక్తం ఎక్కించి కాపాడాడు. ఆయన పేరు చరిత్రకెక్కినది. ఆ రక్తమిచ్చినవారిని ఎవరు తలుస్తారు?

మన దేశంలో సుప్రీంకోర్టు 1996 నాటి తీర్పు ననుసరించి 1998 జనవరి 1 నుండి రక్తం అమ్ముకొనుట నిషిద్ధమైనది. అదే ఏడు హైదరాబాదులో చిరంజీవి రక్తనిధి వెలసినది. స్వచ్ఛందదానం మనవారికి కొత్త కాదు. మరి ఇక్కడ మనమెందుకు వెనుకాడాలి? శాకాహారులమనీ, నీరసం వస్తుందనీ కొందరు జంకుతారు. తీసుకొనే ముందు హిమోగ్లోబిన్ పరీక్షిస్తారు. తీసేది అర లీటరుకు లోపే. స్వదేశయాత్ర చేసి వచ్చినవారిని మలేరియా దృష్ట్యా కొంతకాలం ఆగమనవచ్చు. అది తిరస్కారం కాదు.

మరొక కారణమున్నది. బి వర్గం భారతీయులలో ఇంచుమించు మూడవ వంతు మందికి ఉండగా, ఐరోపా సంతతివారిలో సుమారు పదింట ఒకరికే ఉన్నది. మన అవసరానికి తగిన రక్తం మన నరాలలోనే ఎక్కువ.

ఆ రాత్రికి ముందు పదేళ్ళుగా ఈ దేశంలో ఉండి కూడా నేనొక్కసారైనా రక్తమివ్వలేదు. అది తలచుకుంటే నేటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ ముగ్గురి ఋణం వారికి తీర్చలేను. మరొక అపరిచితునికే తీర్చాలి. ఈ సంచిక చదివే ప్రతి కుటుంబం నుండి ఒక్కరైనా ఈ ఏడాది చేయి చాచవలెనని నా మనవి.